మా అత్తవారి మండువా ఇల్లు

మా అత్తవారి ఇల్లు అమ్మకానికి పెట్టారు. కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో, కౌశిక కాలువ పక్కన ఒక చిన్న ఊళ్ళో, ముప్పై సెంట్ల స్థలంలో మండువా లోగిలి. వీధి గుమ్మం పై పట్టె మీద 1926 అని చెక్కి ఉంటుంది. అత్తయ్యగారు పోయాక అందులో ఎవరూ కాపురం లేరు. పెరటి వైపు పాకలో ఉండే దంపతులు రోజూ తలుపులు తీసి ఊడ్చి, సాయంత్రం దీపం పెట్టి, కొబ్బరి దింపుల లెక్క చూస్తున్నారు. మొన్నీమధ్య మా బావగారు ఫోన్ చేసి, "ఇక మన వల్ల కాదమ్మా, మీరిద్దరూ కూడా సరే అంటే అమ్మేద్దాం" అన్నారు. ఆయనకి ఎనభై దాటాయి. ఆయనన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇల్లు నిలబడాలంటే అందులో మనుషులు మసలాలి. అన్నదమ్ములు ముగ్గురూ చూస్తే విశాఖపట్నంలో ఒకరు, హైదరాబాదులో మేము, అమెరికాలో మా మరిది.

అమ్మడం గురించి నాకు పేచీ లేదు. కొనేవాళ్ళకి చెప్పాల్సినవే నా దగ్గర చాలా ఉన్నాయి. మగవాళ్ళు ఆ ఇంట్లో పుట్టి పెరిగారు గానీ, దాన్ని నడిపింది మా అత్తయ్యగారు, ఆవిడతోపాటు నేను. మావారు అక్కడి హైస్కూల్లో మాస్టారు కావడంతో పాతికేళ్ళ పైచిలుకు ఆ ఇంట్లోనే కాపురం చేశాం. ఏ గాలివాన ఏ మూలనుంచి కొడుతుందో, ఏ గోడకి ముందు చెమ్మ ఎక్కుతుందో, ముసురు పట్టాక ఏ తలుపు బిగుసుకుంటుందో చేత్తో తెలుసుకున్నదాన్ని. అవన్నీ ఎక్కడా రాసి లేవు. దస్తావేజుల్లో హద్దులు ఉంటాయి, ఇల్లు ఎలా పనిచేస్తుందో ఉండదు కదా.

నాది తెనాలి. మా పుట్టిల్లు డాబా. 1978లో పెళ్ళయి వచ్చేదాకా మండువా ఇల్లు చూడటమే గాని ఉండి ఎరగను. సావిడి దాటి లోపలికి అడుగుపెడితే ఇంటి నడిమధ్య కప్పు లేదు. చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనక గదులు, మధ్యలో రెండు మెట్లు కిందికి గచ్చు చేసిన గుంట, పైన ఆకాశం. "వానొస్తే ఎలా?" అని మా ఆడపడుచుని అడిగాను. అప్పుడా పిల్ల కాలేజీలో చదువుతోంది. "వానొస్తే చూద్దువుగాని వదినా" అంది.

చూశాను. నాలుగు కప్పులూ కొప్పునుంచి సగం లోపలికి వాలి ఉంటాయి కాబట్టి ఇంటి మీద పడ్డ నీళ్ళలో సగం మండువాలోకే వస్తాయి. పెంకుల చివర్లనుంచి నాలుగు వైపులా ధారలు కట్టి పడుతున్నాయి. కప్పులు కలిసే నాలుగు మూలల్లో ధార కాదు, పెద్ద పెద్ద ఒరవళ్ళే. అత్తయ్యగారు ఆ మూలల కింద రాగి గంగాళాలు పెట్టించారు. మొదటి పది నిమిషాలూ నీళ్ళు పారబోయించి, కప్పు కడుక్కున్నాక వచ్చిన నీళ్ళు పట్టించారు. పప్పు ఉడకడానికి ఆ నీళ్ళంత మంచివి లేవనేవారు. మా నూతి నీళ్ళు కాస్త ఉప్పదనం. గంగాళాలు నిండి పొర్లిన నీళ్ళు గచ్చు మీదనుంచి ఈశాన్యం మూల తూములోకి జారి, గదుల అడుగునుంచి పెరట్లో అరటి చెట్ల మధ్య చిన్న కాలువలోకి పోతాయి. వాన వెలిసిన అరగంటకి మండువాలో చుక్క నీళ్ళు నిలవలేదు. నాకు ఆ ఇంటి మీద గౌరవం కలిగింది ఆ రోజే.

ఎండాకాలంలో ఇంకో సంగతి తెలిసింది. పొద్దున్నే మండువా కడిగి, గచ్చు తడిగా వదిలేస్తే, మధ్యాహ్నం దాకా వసారాల్లో చల్లగా ఉండేది. గదుల్లో వేడి గాలి పైకి లేచి మండువాలోంచి బయటికి పోతుంది, వీధి సావిడి వైపునుంచి, పెరటి గుమ్మంనుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. రెండు గుమ్మాలూ ఎదురెదురుగా ఉండటం శాస్త్రం కోసమే కాదు. మే నెలలో కరెంటు పోయినా ఆ ఇంట్లో పిల్లలు ఏడవగా నేను చూడలేదు.

ఇంటి కలపంతా బర్మా టేకు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, కాలువలు పారి, ఒకటి రెండు తరాల్లో కోనసీమ వరి, కొబ్బరి డబ్బు చూసింది. ఆ డబ్బు కొంత ఇలాంటి ఇళ్ళుగా మారింది. రంగూన్ నుంచి ఓడల్లో కాకినాడ రేవుకి టేకు దుంగలు వచ్చేవి. అక్కడనుంచి కాలువ మీద పడవల్లో ధవళేశ్వరం, గోదావరి దాటి బొబ్బర్లంక లాకులు, మళ్ళీ కాలువ మీద మన ఊరి రేవు అని మామయ్యగారు చెప్పేవారు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ స్తంభం మీద చెయ్యి వేసి చెప్పేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను బర్మాలోకి వచ్చాక ఆ రాకపోకలన్నీ ఆగిపోయాయి. అంటే మళ్ళీ అలాంటి ఇల్లు అలాంటి కలపతో కట్టడం మా మామయ్యగారి తరానికే కుదరలేదు, ఇప్పుడు ఎంత డబ్బున్నా అసలే కుదరదు.

మండువా చుట్టూ పన్నెండు స్తంభాలు. ఒక్కొక్కటీ అడుగున రాతి దిమ్మ మీద నిలబడి ఉంటుంది, కొయ్యకి తడి తగలకుండా. స్తంభం మీద దూలం, దూలం మీద వాసాలు. కలిసిన చోట మేకు కనబడదు. ఒక కొయ్యకి నాలిక తీసి రెండో కొయ్య బెజ్జంలోకి దింపారు, అడ్డంగా కొయ్య చీల కొట్టారు. ఒకసారి వడ్రంగి ఒకాయన నైరుతి మూల స్తంభం చూడ్డానికి వచ్చారు. అడుగున జానెడు మేర పుచ్చిపోయింది. స్తంభం మొత్తం మార్చేస్తారేమోనని నేను కంగారుపడ్డాను. ఆయన ఉలి పెట్టి పుచ్చినదంతా గీరి, గట్టి కొయ్య తగిలేదాకా వెళ్ళి, "ఇదిగో అమ్మగారూ, ఇక్కణ్ణుంచి బంగారం" అన్నారు. దూలానికి కింద దన్ను పెట్టి, పుచ్చినంత వరకే కోసేసి, పడగొట్టిన ఏదో ఇంటినుంచి వచ్చిన పాత టేకు ముక్క తెచ్చి, మెట్లు మెట్లుగా గాడి తీసి అతికారు. రెండు రోజులు పట్టింది. ఇప్పుడు ఆ అతుకు ఎక్కడుందో నేను చూపిస్తే తప్ప తెలియదు. ఇల్లు బాగుచేయడమంటే ఏమిటో నాకు అర్థమైంది ఆయన పని చూశాకే. పాడైనంత వరకే తీయాలి, తీసినచోట అలాంటిదే పెట్టాలి.

ఇక పెంకులు. మాది గూన పెంకు. ఊరి కుమ్మరి చక్రం మీద గొట్టంలా చేసి నిలువునా రెండుగా కోసి కాల్చినవి. ఒకటి వెల్లకిలా, దాని మీద రెండిటిని కలుపుతూ ఒకటి బోర్లా, అలా వరసలు వరసలుగా కొప్పు దాకా. వాటిని ఏదీ పట్టి ఉంచదు, బరువే పట్టు. అందుకే ఏటేటా సర్దించాలి. కోతులు తిరిగితే కదులుతాయి, కొబ్బరికాయ పడితే పగులుతాయి, గాలికి జారతాయి. రోహిణి కార్తెలో, మృగశిర ఇంకా పట్టకముందు, పెంకు పనివాళ్ళు వచ్చేవారు. తెల్లవారుజామునే ఎక్కి, పెంకు కాలకముందే దిగిపోవాలి. పైనుంచి ఒకాయన పగిలిన ముక్కలు కిందికి జార్చేవాడు, కిందనుంచి ఇంకొకతను మంచివి తట్టలో అందించేవాడు. నేను వసారాలో నిలబడి పైకి చూస్తూ, లోపలికి వెలుతురు చుక్క ఎక్కడ పడుతుందో చెప్పేదాన్ని. "ఇంకాస్త ఎడమ... ఆ, అక్కడే." ఆ చుక్క మూసుకుపోతే ఆ ఏడు ఆ చోట కారదు. పాత పెంకు ముక్కలు కూడా పారేసేవాళ్ళు కాదు. దంచి సున్నంలో కలిపి గచ్చుకి వాడేవారు.

ఇప్పుడు గూన పెంకు చేసేవాళ్ళు మా వైపు నాకు తెలిసి లేరు. పడగొట్టిన ఇళ్ళనుంచే ఏరి తెచ్చుకోవాలి. మా కొట్టుగదిలో అత్తయ్యగారు దాచి ఉంచిన పెంకులు వరస పెట్టి ఉన్నాయి, గోడకి ఆనించి, మధ్య మధ్య గడ్డి వేసి. కొనేవాళ్ళు ముందుగా ఆ గదికి తాళం వేయించుకోవాలి.

మా ఆడపడుచు పెళ్ళి 1981లో. సావిడి గోడలు, పెళ్ళి జరిగే మండువా వసారా గోడలు కొత్తగా చేయించాలని మామయ్యగారు పట్టుబట్టారు. సిమెంటు అప్పటికే అందరూ వాడుతున్నా ఆయన ఒప్పుకోలేదు. పెరట్లో గొయ్యి తీసి గుల్ల సున్నం తెచ్చి పోయించారు. నీళ్ళు పోస్తే అది బుసబుసా పొంగి, ఆవిర్లు కక్కింది. పిల్లల్ని ఆ చాయలకి రానివ్వలేదు. కొన్ని వారాలు అలా నానాక, ఇసకతో కలిపి గానుగలో వేశారు. గుండ్రంగా కాలువ తీసి, అందులో రాతి చక్రం, దానికి ఎద్దు. ఎద్దు తిరుగుతుంటే సున్నం వెన్నలా మెదిగేది. ఇంకోవైపు కాగుల్లో కరక్కాయ దంచి, బెల్లం వేసి నానబెట్టారు. ఆ నీళ్ళు పులిసి, ఇల్లంతా అదో వాసన. మేస్త్రి ఆ నీళ్ళతోనే సున్నం కలిపేవాడు.

చివరి పూత వేశాక అసలు పని మొదలైంది. మెత్తగా వడగట్టిన సున్నం పల్చగా పూసి, అది ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు, ఏటి నునుపు రాళ్ళతో రుద్దాలి. మేస్త్రి భార్య, వాళ్ళ అమ్మాయి గోడకి కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రుద్దుతూనే ఉన్నారు. అరచేయి వెడల్పు చోటు మెరిసేదాకా రుద్ది అప్పుడు పక్కకి జరిగేవారు. నన్నూ ఒకసారి రాయి పట్టుకోమన్నారు. ఎంత నొక్కాలో చేతికి తెలియాలి, గట్టిగా నొక్కితే పూత లేచిపోతుంది. పెళ్ళినాటికి ఆ గోడలో పెట్రోమాక్సు దీపాలు కనబడ్డాయి. ఇవాళ వెళ్ళి చూసినా ఆ గోడ మీద పగులు లేదు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం పక్క గదిలో ఉంది. అది చెప్పాలంటే ముందు వరద గురించీ తుపాను గురించీ చెప్పాలి.

1986 ఆగస్టులో గోదావరికి మా మామయ్యగారు కూడా ఎరగనంత వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు తెగాయి. మా వీధిలోంచి అరుగు మీదకి ఐదు మెట్లు. అన్ని మెట్లెందుకు, ముసలివాళ్ళకి ఇబ్బంది కదా అని కొత్తలో అనుకునేదాన్ని. నీళ్ళు వచ్చి నాలుగో మెట్టు మీద నిలబడ్డాయి. పాకలు మునిగినవాళ్ళందరూ మా అరుగుల మీదకీ సావిడిలోకీ వచ్చారు, ఆవులతో, మేకలతో సహా. ఆ ఇంటికి ఊరి కుమ్మరి పెంకు చేశాడు, మాలపల్లి కూలీలు మట్టి మోశారు, కానీ వాళ్ళ పిల్లలు గడప దాటి మండువా చూసింది ఆ వరదప్పుడే. ఇది కూడా ఆ ఇంటి చరిత్రే, నేను దాచి చెప్పను. అత్తయ్యగారు ఆ వారం అందరికీ ఒకే గంగాళంలో వండించారు, అందర్నీ వసారాలోనే కూర్చోబెట్టారు. ఆ తర్వాత పాత పద్ధతికి వెళ్ళబోతే మావారే ఒప్పుకోలేదు.

ఆ రాత్రి ఇంటిని కాపాడింది కూడా ఆవిడే. చీకటి పడుతుండగా మండువా తూములోంచి బుడగలు రావడం మొదలైంది. బయట నీటి మట్టం పెరిగేసరికి తూము ఎదురు పోస్తోంది. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అమ్మాయ్, గోనెసంచీ పట్రా" అన్నారు. బంకమన్ను కూరి, మూతి కట్టి, తూములోకి కుక్కి, పైన రుబ్బురోలు దొర్లించారు. అంత బరువు ఆవిడా నేనూ కలిసి ఎలా దొర్లించామో ఇప్పటికీ తెలియదు. మండువాలోకి చీలమండ లోతు కంటే ఎక్కువ రాలేదు. ఇల్లు కొనేవాళ్ళెవరైనా సరే, ఆ తూము బయటి మూతికి ఒక కవాటం పెట్టించుకోండి. లోపలి నీళ్ళు పోవాలి, బయటి నీళ్ళు రాకూడదు. ఈ రోజుల్లో అది పెద్ద ఖర్చు కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వేరే రకం. అది నీళ్ళు కాదు, గాలి. కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో కూలాయి. ఉత్తరం వైపు వసారా పెంకు మొత్తం లేచిపోయింది. ఒక్కో పెంకు గోడకి తగిలి పేలుతుంటే మేమందరం గాదె గదిలో చాప మీద ముడుచుకుని కూర్చున్నాం. తెల్లారి చూస్తే తోటలో నిలబడ్డ చెట్టు లేదు. కానీ దూలం ఒక్కటి కూడా కదల్లేదు.

అప్పుడు పెంకులు దొరకలేదు, డబ్బులూ లేవు. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. దొరికిన సిమెంటు రేకులు ఉత్తరం వసారా మీద వేసేశారు. తడిసి పెచ్చులూడిన ఆ వైపు గది గోడలకి సిమెంటు పూత పూయించారు. ఆ రోజుకి అదే దిక్కు, ఎవర్నీ అనడానికి లేదు. రెండేళ్ళు గోడ బాగానే ఉంది. తర్వాత అడుగునుంచి తెల్లటి ఉప్పు పట్టడం మొదలైంది. మా నేలలో నీళ్ళు చాలా పైనే ఉంటాయి. ఆ చెమ్మ ఇటుకలోంచి పైకి పాకుతుంది. సున్నపు గోడైతే ఎండకి ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత వదలనివ్వదు. చెమ్మ లోపలే ఉండి, ఉప్పు పేరుకుని, పూతని పెచ్చులు పెచ్చులుగా నెట్టేస్తుంది, దాంతోపాటు ఇటుక మొహం కూడా రాలుతుంది. గోడలో దిగిన దూలం మొదలు పుచ్చడం కూడా ఆ గదిలోనే చూశాను. ఒకే ఇల్లు, ఒకే నేల. ఆ పెళ్ళినాటి గోడ ఎలా ఉందో, తుపాను తర్వాతి గోడ ఎలా ఉందో పక్కపక్కన నిలబడి చూడొచ్చు. ఇంజినీరుగారి మాట కంటే ఆ రెండు గోడల మాట వినండి.

ఇప్పటికి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళ గురించి చెబుతాను. మొదట పాత కలప వ్యాపారి ఒకాయన వచ్చారు. ఇల్లంతా తిరిగారు గానీ గదులు చూడలేదు. స్తంభాల్ని వేలి కణుపుతో కొట్టి చూసి, టేపు పెట్టి చుట్టుకొలత రాసుకున్నారు. "ఎన్ని అడుగులు వస్తుందో లెక్క వేసి చెబుతానండీ" అన్నారు. స్తంభాలు, గుమ్మాలు, దూలాలు ఊడదీసి ఆయన తీసుకుంటారు, స్థలం మాకే మిగులుతుంది. పైకి చూస్తే అదే లాభం. అలా ఊడదీసిన స్తంభాలు ఇప్పుడు నగరాల్లో హోటళ్ళ ముందూ ఫామ్‌హౌసుల్లోనూ కనబడుతున్నాయి. ఏ బరువూ మోయకుండా, కాంక్రీటు స్లాబు కింద అలంకారానికి నిలబెడతారు. నా కళ్ళతో చూశాను, అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇంకొకరు స్థలం కోసం వచ్చారు. ఫంక్షన్ హాలు కడతారట. సెంటు ధర మంచిదే చెప్పారు. బావగారు కూడా కాస్త మెత్తబడ్డారు.

అప్పుడు అడ్డం పడింది మా ఆడపడుచు. పత్రాల సంగతి కొంచెం చెప్పాలి. ఇల్లు గ్రామకంఠంలో ఉంది, పట్టా పుస్తకం అంటూ ఉండదు. మామయ్యగారి తరం నాటి పంపకాల దస్తావేజు, వరసగా ఇంటి పన్ను రశీదులు ఉన్నాయి. బ్యాంకు లోన్ కావాలంటే కొంచెం తిరగాల్సి వస్తుందేమో గానీ హక్కులో ఏ చిక్కూ లేదు. అన్నదమ్ములు ముగ్గురి సంతకాలు చాలనే చాలాకాలం అందరూ అనుకున్నారు. ఎన్టీ రామారావుగారి హయాంలో ఆడపిల్లలకి ఆస్తి హక్కు వచ్చినప్పుడు, 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. తనది 1981 పెళ్ళి. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వకీలు ఇదంతా చెప్పి, నాలుగో సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ వద్దన్నారు.

తను రాజమండ్రినుంచి ఫోన్ చేసింది. "నా వాటా ఎంతో నాకక్కర్లేదు వదినా. మండువా పడగొట్టేవాళ్ళకైతే మాత్రం నేను సంతకం పెట్టను. అన్నయ్యకి నువ్వే చెప్పు, నేను చెబితే ఏడుపొస్తుంది."

నేనే చెప్పాను. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "సరేనమ్మా, ఏడాది చూద్దాం. ఉంచుకునేవాళ్ళు దొరికితే ధర నేను తగ్గిస్తాను" అన్నారు. పెద్దరికం అంటే అదే అనిపించింది. మా మరిది అమెరికానుంచి, "మీరెలా అంటే అలా వదినా" అని మెసేజ్ పెట్టాడు.

కాబట్టి ఉంచుకునే ఉద్దేశం ఉన్నవాళ్ళ కోసం ఇది.

పనులన్నీ ఒకేసారి మొదలెట్టకండి. ముందు తూము తవ్వి శుభ్రం చేయించండి, ఏళ్ళుగా ఆకులూ మట్టీ పేరుకుని సగం పూడి ఉంది. నీళ్ళ దారి సరిగా ఉంటే సగం రోగాలు వాటంతటవే కుదురుతాయి. తర్వాత కప్పు. ఉత్తరం వసారా రేకులు తీసేసి, దాచిన పెంకు అక్కడ వేయండి. చాలకపోతే వీధి వైపు కనబడని చోట మంగళూరు పెంకు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఇల్లు కారకుండా ఉండటం ముఖ్యం. కప్పులు కలిసే నాలుగు మూలల్లో పెంకు అడుగున రేకు కొత్తది వేయించాలి, కారడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. సిమెంటు పూత పెళ్ళగించి, గోడని ఒక వేసవి అంతా వట్టిగా ఆరనివ్వండి. ఆ తర్వాతే సున్నం. తొందరపడి మధ్యలో పెయింటు వేస్తే చేసిన ఖర్చంతా వృథా.

మండువా మీద అద్దాలూ ప్లాస్టిక్ రేకులూ వేసి మూసేయొద్దు. ఆ పని చేసిన ఇళ్ళు నేను చూశాను, వాన రాదు సరే, లోపల వేడి పోదు, గోడలు బూజు పడతాయి. కోతుల బెడద ఉంది, దొంగల భయమూ ఉంటుంది, ఇనుప వల వేసుకోండి, చాలు. కరెంటు తీగలన్నీ పాతవే, అవి పూర్తిగా తీసేయాలి. టేకు వాసాల మీదుగా ఆ తీగలు పోతుంటే నాకు ఎప్పుడూ టెన్షనే. కప్పు మీదకి వంగిన రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి, అవి కొట్టించక తప్పదు.

అన్నీ ఉంచమని కూడా నేననను. పెరట్లో పడమటి మూల ఒక చిన్న గది ఉంది, కిటికీ లేనిది. నెలకి మూడు రోజులు కోడళ్ళం కూర్చున్న గది. అందులో ఎండాకాలం ఎలా ఉంటుందో నాకూ మా తోడికోడలికీ తెలుసు. అది ఇప్పటికే సగం కూలింది, పూర్తిగా తీసేయండి. నీళ్ళ పైపులకీ మురుగుకీ అదే అనువైన చోటు, అక్కడ మంచి బాత్రూమ్‌లు కట్టుకోండి. పెద్ద కిటికీ పెట్టించండి. ఆ ఇంట్లో కొత్తగా ఏదైనా కట్టాల్సి వస్తే అక్కడే కట్టాలని నా కోరిక. వంటిల్లు కూడా చీకటిగా ఉంటుంది, పెరటి వైపు గోడకి ఇంకో కిటికీ పడితే నడుం వంచి ఊదిన మా అందరి తరఫునా సంతోషిస్తాను.

ఖర్చు అవుతుంది, కాదనను. కొత్త డాబా కట్టినంత అవ్వొచ్చు. తెలిసిన పనివాళ్ళని వెతకడం ఇంకా కష్టం. సున్నం పని తెలిసిన మేస్త్రి కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు, తండ్రి దగ్గర చూసి నేర్చుకున్న పని మర్చిపోలేదన్నాడు. అతుకు వేసిన వడ్రంగి గారు ఇప్పుడు చెయ్యలేరు గానీ, కుర్చీ వేస్తే కూర్చుని చెప్పి చేయిస్తారు. వాళ్ళిద్దరూ ఉండగానే ఈ పని జరగాలన్నదే నా ఆరాటమంతా.

ఈమధ్య ఒక జంట చూసి వెళ్ళారు. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. హైదరాబాదులో ఉద్యోగాలు, ఇంటినుంచే పని చేసుకోవచ్చట. కొన్ని గదులు అతిథులకి ఇచ్చి, మిగతా వాటిల్లో ఉంటామన్నారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనానికి ఉండటానికి చోటు దొరకదు కదా, ఆలోచన బాగుంది. ఆ అమ్మాయి నన్ను ధర అడగలేదు. మండువా మెట్టు మీద కూర్చుని, "ఆంటీ, ఈ నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగింది. నేను తూము దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. మళ్ళీ వస్తామన్నారు, వాళ్ళ పెద్దవాళ్ళతో మాట్లాడాలట.

వాళ్ళకి చెప్పిందే మిగతావాళ్ళకీ చెబుతున్నాను. మాఘమాసంలో వచ్చి చూసి మురిసిపోయి బయానా ఇవ్వకండి. ఆ నెలల్లో ఏ ఇల్లైనా బాగుంటుంది. ఆషాఢంలో ముసురు పట్టినప్పుడు వచ్చి రెండు రోజులు ఉండండి. మంచాలూ పరుపులూ ఉన్నాయి, వంటకి ఏర్పాటు చేయిస్తాను. ఎక్కడ కారుతుందో, ఎక్కడ చెమ్మ ఎక్కుతుందో, తూము ఎంత లాగుతుందో మీ కళ్ళతో మీరే చూసుకుని, ఆ తర్వాత బేరం మాట్లాడండి. గొడుగూ టార్చిలైటూ తెచ్చుకోండి, మా వీధిలో రాత్రిళ్ళు కరెంటు పోతుంది.